బియ్యంలో రాసే పేరు

నా కూతురికి పేరు పెట్టే హక్కు నాకు తప్ప అందరికీ ఉందని అది పుట్టిన మూడు వారాల్లో అర్థమైంది. కడుపుతో ఉన్నప్పుడే నేనొక పేరు అనుకున్నాను. నాలుగక్షరాలు. మా చుట్టాల్లో ఎవరికీ లేదు, నేను పాఠాలు చెప్పే బడిలో ఏ హాజరుపట్టీలోనూ లేదు. ఇక్కడ రాయను. రాస్తే మీరూ ఒక సలహా ఇస్తారు.

కరీంనగర్ ఆసుపత్రిలో మంచం మీద ఉండగానే సలహాలు మొదలయ్యాయి. మా ఆడబిడ్డ ఫోన్లో ఒక జాబితా పంపింది. అన్నీ తరగతికి ముగ్గురు చొప్పున ఉన్న పేర్లే. నేను అనుకున్న పేరు చెబితే, "దాని అర్థం ఎవలకు తెలుస్తది? పిల్ల అందరికి చెప్పుకుంట తిరగాల్నా?" అంది. మా బాపు దేవత పేరు కలపమన్నాడు. ముందు కలపాలా, వెనక కలపాలా అని మళ్లీ నన్నే అడిగాడు. మా ఆయనేమో, "నీ ఇష్టమే. కని జర అవ్వను అడుగు" అన్నాడు. ఆ 'కని' వచ్చిందంటే ఇక ఇష్టం నాది కాదని పెళ్లయిన కొత్తలోనే తెలుసుకున్నాను.

అడిగాను. ఆయన అవ్వ, అంటే మా అత్తమ్మ, పిల్ల కాళ్లకు నూనె రాస్తూ తల కూడా ఎత్తలేదు.

"గింత పరేషాన్ ఎందుకు బిడ్డా? ఏదో ఒకటి పెట్టు. ఎట్లైనా పెండ్లినాడు మార్చుతరు గద."

ఒళ్లు మండింది. మా అత్తగారివాళ్లు ఇప్పుడు మంచిర్యాలలో ఉన్నా, అసలు ఊరు ఆదిలాబాద్ వైపు, మహారాష్ట్రకు ఆనుకుని ఉంటుంది. వాళ్లింట్లో కోడలికి పెళ్లిరోజే కొత్త పేరు పెడతారు. పళ్లెంలో బియ్యం పోసి పెళ్లికొడుకు ఉంగరంతో రాస్తాడు. నాకూ రాశారు. నేను నవ్వుతూ ఊరుకున్నాను. అది గుర్తొచ్చినప్పుడల్లా నా మీద నాకే కోపం. కూతురి విషయంలో మాత్రం ఊరుకోదలచుకోలేదు.

ఇరవై ఒకటో రోజు సుల్తానాబాద్‌లో మా తల్లిగారింట్లో పేరు పెట్టడానికి తొట్టెల వేశారు. మళ్లీ పళ్లెం, బియ్యం, ఉంగరం. మా ఆయన చెయ్యి పెట్టగానే ఆడబిడ్డ తన జాబితాలోంచి ఒక పేరు అందించింది. ఆయన వాళ్ల అవ్వ ముఖం చూశాడు. నా వైపు చూడనే లేదు. ఏడుపు తన్నుకొచ్చింది. పిల్లను ఒళ్లో పెట్టుకునే అందరి ముందు అడిగాను.

"అత్తమ్మా, పెండ్లికి ముందు మీ పేరేంది?"

అత్తమ్మ కొంగుతో మూతి తుడుచుకుని ఒక పేరు చెప్పింది. నిదానంగా పలకవలసిన పేరు, అంతకుముందు నేనెక్కడా విననిది.

"మా బాపు పెట్టిండు" అంది. "మా అత్తకు నోరు తిరగలే. పెండ్లయినంక ఎవలు పిలువలే."

తల్లికి ఆ పేరు ఉండేదని మా ఆయనకు అప్పుడే తెలిసింది. ఆయన చెయ్యి ఇంకా బియ్యంలోనే ఉంది.

"ఏది రాయాలె అవ్వా?"

"పిల్లతల్లి చెప్పింది రాయి" అని, అత్తమ్మ నా వైపు తిరిగింది. "పేరు మారుస్తమనేటోళ్లకు పిల్లను ఇయ్యకుండ్రి."