వదిన బొమ్మ కింద చీటీ

మా వదిన ఉష దొంగ అని నేను ఏడాదిపాటు చెప్పాను. ఎవరూ నమ్మలేదు. ఆమె మొగుడు, అంటే మా అన్న పెంచల్, ఆ మాట అన్నందుకు నాతో నెలరోజులు మాట్లాడలేదు. చివరికి ఆమే తన చేత్తో రాసి, నెల్లూరులో నలుగురూ చూసే గోడకి అంటించింది. ఇంత జరిగాక కూడా నన్ను ఊరుకోమంటే నా వల్ల కాదు.

మాది మైపాడు. అన్న వేటకి పోతాడు. నాకు బీచికి పోయే దారిలో దోసెల అంగడి ఉంది. వదినకి బొమ్మల పిచ్చి పట్టింది పడవ వల్ల. నాలుగేళ్ళ కిందట, పడవ మీద చెరిగిపోయిన నంబరు మళ్ళీ రాయమని అన్న అడిగితే, ఆమె నంబరు రాసి, మిగిలిన రంగుతో పక్కనే ఒక వంజరం చేపని వేసింది. పక్కింటి హజరత్తయ్య పడవ చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఏంది మే, ఉర్లగడ్డకి తోక పెట్టినావు?" అన్నాడు. చేప నిజంగానే బంగాళాదుంపలా ఉంది. ఇంకొకరైతే నవ్వేసి వదిలేసేవాళ్ళు. మా వదిన ఆ ఆదివారమే బస్సెక్కి నెల్లూరు పోయి, వాణి మేడం నడిపే డ్రాయింగు క్లాసులో చేరింది. హజరత్తయ్య నోరు మూయించడానికి మొదలైన చదువు అది.

మొదటి ఏడంతా పెన్సిలు. చెంబు గియ్యాలి, నిమ్మకాయ గియ్యాలి, మడిచిన తువ్వాలు గియ్యాలి. వదిన గీసిన చెంబు ఎప్పుడూ ఒక పక్కకి ఒరిగేది. "నీళ్ళు ఒలికిపోతాయి వదినా" అని ఒకసారి అన్నాను. ఆ రోజు నుంచి చేపల పని అయ్యాక రోజూ ఒక చెంబు గీసి, తెచ్చి మా అంగడి గోడకి అంటించి పోయేది. దోసెలకి వచ్చినవాళ్ళు ఇది పాత్రల అంగడా అని అడిగేవాళ్ళు. ఏ రోజు నుంచి ఆ చెంబు నిటారుగా నిలబడిందో నేను గమనించలేదు గానీ, నిలబడింది. నీళ్ళ రంగులు వచ్చేసరికి మళ్ళీ కష్టం మొదలైంది. ఆమె వేసిన సముద్రం లుంగీలు నానబెట్టిన బకెట్టులా ఉండేది. వాణి మేడం చూసి, "రోజూ ఒడ్డునే ఉంటారు కదా, క్యాలెండరు చూసి ఎందుకు వేస్తున్నారు?" అని అడిగిందట. వదిన ఇంటికొచ్చి క్యాలెండరుని తిప్పి గోడవైపుకి పెట్టింది.

మూడో ఏడు మిక్స్‌డ్ మీడియా అనే పాఠం వచ్చింది. రంగు ఒక్కటే చాలదట. గుడ్డ, కాయితం, ఇసుక, ఏది దొరికితే అది అతికించి బొమ్మ చెయ్యాలట. అది వినగానే వదిన మొహం వెలిగిపోయింది. మొదట చేప పొలుసులు సరిగ్గా కడగకుండా అతికించింది. ఆ వారం క్లాసులో ఆమె బొమ్మ దగ్గర కూర్చుని మెచ్చుకున్నది వీధిలో పిల్లి ఒక్కటే. తర్వాత ఒడ్డున ఇసుక తెచ్చి అట్ట మీద జిగురుతో పరిచింది. ఇసుకలో ఉప్పు చెమర్చి, పైన వేసిన రంగు పొక్కులు పొక్కులుగా లేచిపోయింది. అప్పటి నుంచి ఇసుకని మంచినీళ్ళతో మూడుసార్లు కడిగి, మిద్దె మీద ఆరబెట్టేది. మంచినీళ్ళ ట్యాంకరు దగ్గర ఆడవాళ్ళు బిందెలతో నిలబడితే, ఈమె ఇసుక బకెట్టుతో నిలబడేది. ఆమె తరఫున మాటలు పడింది నేను.

ఇంతలో వాణి మేడం ఒక మాట అంది. "కొత్త వస్తువులు కొనకండి. మనుషులు వాడినవి తెండి. చేతులు తగిలి అరిగిన వస్తువు బొమ్మలో మాట్లాడుతుంది." ఆమె చెప్పింది పాత సామాను గురించి. టౌను వాళ్ళకి అటక నిండా పాత సామాను ఉంటుంది. మైపాడులో అలాంటిది ఎక్కడ దొరుకుతుంది? చిరిగిన వల దడికి కడతారు. దడి చీకిపోతే కోళ్ళ గూటి మీద కప్పుతారు. అదీ పోతే ఆ దారాలతో గిన్నెలు తోముతారు. మా వాళ్ళు దేన్నీ పారెయ్యరు. అందుకని వదిన, జనం వాడుతుండగానే తీసుకోవడం మొదలుపెట్టింది.

అన్న మంచి వలలో జానెడు ముక్క పోయింది. పీతలు కొరికాయని వారం రోజులు తిట్టుకుంటూ అల్లుకున్నాడు. హజరత్తయ్య గొడుగుకి ఒక పక్క గుడ్డ మాయమైంది. ఎదురింటి కామమ్మ చేటకి అంచు ఊడిపోయింది. వీటన్నిటికంటే ముందు పోయింది మా అమ్మ వెంకటశేషమ్మ వక్కాకు సంచి. అమ్మ పోయాక అది అన్న ఇంట్లో కొక్కేనికి వేలాడుతుండేది. ఎర్ర గుడ్డ, ఆకూ వక్కా సున్నం పెట్టుకునే నాలుగు అరలు, లాగి ముడేసే తాడు. ఒక రోజు చూస్తే ఉత్త కొక్కెం ఉంది. "వదినే తీసింది" అన్నాను. గయ్యాళి ఆడపడుచునని పేరు నాకు వచ్చింది.

క్లాసు ఏడాది చివర టౌనులో ఒక హాలు తీసుకుని అందరి బొమ్మలూ మూడు రోజులు పెడతారు. బొమ్మ మూడు రోజులూ గోడ మీద ఉంటేనే పై క్లాసుకి తీసుకుంటారు. అక్కడ మంచమంత కాన్వాసు ఇస్తారట. వదిన ఆ కాన్వాసు గురించి అన్నం తింటూ కూడా చెప్పేది. పెళ్ళిలో చీర కోసం కూడా ఆమె అంత ఆశపడలేదు. మొదట చేసిన బొమ్మలో పొలుసులు, గవ్వలు, గాజులు, బస్సు టికెట్లు, అన్నీ కుక్కింది. వాణి మేడం చూసి, "ఇందులో సగం తీసెయ్యండి. మిగిలినదాంట్లో మళ్ళీ సగం తీసెయ్యండి" అంది. వదిన క్లాసులోనే ఒక్కొక్కటే పీకుతూ ఏడ్చిందట. చివరికి నాలుగు వస్తువులు మిగిలాయి.

బొమ్మలు పెట్టిన రోజు అన్న, హజరత్తయ్య, కామమ్మ, నేను ఒకే ఆటోలో పోయాం. నేరుగా వదిన బొమ్మ దగ్గరికి పోయాం. తెల్లవారుజామున పడవలో నుంచి చూసే మా సముద్రమే అది. బూడిదరంగు నీళ్ళు, వాటి మీద వల, పైన నల్లటి మబ్బు, వంగిన పడవ, నీళ్ళ అంచున ఎర్రగా పొద్దు. ప్రతి బొమ్మ కిందా అది దేనితో చేశారో రాసిన చీటీ ఉంది. ఏదీ దాచకుండా రాయమని మేడం చెప్పిందట. మిగతా వాళ్ళు గుడ్డ, కాయితం అని రాశారు. మా వదిన చీటీని హజరత్తయ్య పైకి చదివాడు.

"పెంచల్ వల, జానెడు. కామమ్మ చేట అంచు. హజరత్తయ్య గొడుగు గుడ్డ. మా అత్త వక్కాకు సంచి. మైపాడు ఇసుక, మూడుసార్లు కడిగినది. రంగులు."

అన్న బొమ్మలో వల మీద జాన పెట్టి కొలిచాడు.

"పీతల్ని ఎన్ని తిట్లు తిట్టినానో" అన్నాడు అన్న, మెల్లగా.

కామమ్మ పడవగా అతికించిన చేట అంచుని గోళ్ళతో పట్టుకుంది. హజరత్తయ్య మబ్బు వైపు చెయ్యి చాపాడు. వదిన అడ్డం రాలేదు. రంగు కలిపే చాకు తీసి నా చేతిలో పెట్టింది. "ఎవరిది వాళ్ళు తీసుకోండి. గోడ మీద బొమ్మ లేకపోతే నాకు పై క్లాసు లేదు, అంతే" అంది.

అప్పుడు వాణి మేడం వచ్చింది. "తప్పకుండా తీసుకోండి. కానీ తీసుకున్నవాళ్ళ పేరు చీటీలో కొట్టెయ్యాలి. అది మా రూలు" అంది. అలాంటి రూలేదీ లేదని నాకు తర్వాత తెలిసింది.

"ఈ చీటీ ఎంతమంది చూస్తారు?" అని అడిగాడు హజరత్తయ్య.

"టౌనంతా వస్తారండీ, మూడు రోజులు."

హజరత్తయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఆ గొడుగు ఎట్లాగూ కారతా ఉండాది" అన్నాడు. కామమ్మ చేట అంచుని వేలితో నొక్కి సరిగ్గా అతికించింది. తన పేరు హజరత్తయ్య కంటే ముందే ఉందో లేదో ఇంకోసారి చదివించుకుంది.

ఇక మిగిలింది నేను, నా చేతిలో చాకు. దగ్గరికి పోయి చూశాను. పొద్దుకి వదిన రంగు వెయ్యలేదు. సంచి ఎరుపు అలాగే ఉంది. మూతి దగ్గర అమ్మ బొటనవేలి సున్నం మరక కూడా అలాగే ఉంది. నాకు కోపం వచ్చింది, వెంటనే ఏడుపు వచ్చింది, నలుగురిలో ఏడ్చినందుకు ఇంకా కోపం వచ్చింది.

"నన్ను అడగొచ్చు గదా వదినా?"

"అడిగితే ఇచ్చేదానివా సుభా?"

ఇచ్చేదాన్ని కాదు. అది ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. ఇచ్చి ఉంటే పెట్టె అడుగున పెట్టి మరిచిపోయేదాన్ని కూడా. చాకుతో బొమ్మని ముట్టుకోలేదు. కింద చీటీ ఊడదీసి ఆమె చేతికిచ్చాను. "మా అత్త అంటే ఎవరికి తెలుసు? సరిగ్గా రాయి" అన్నాను. నా ఎదురుగా నిలబెట్టి రాయించాను: సుభాషిణి వాళ్ళమ్మ వెంకటశేషమ్మ వక్కాకు సంచి.

బొమ్మ మూడు రోజులూ గోడ మీదే ఉంది. వదిన ఇప్పుడు పై క్లాసుకి పోతోంది, మంచమంత కాన్వాసు కూడా ఇచ్చారు. హజరత్తయ్య ఆ గొడుగునే పట్టుకుని ఎండలో తిరుగుతూ, చిరుగు దేనివల్లో అడగనివాళ్ళకి కూడా చెబుతున్నాడు.

మొన్నటి నుంచి మా అంగట్లో దోసె తిప్పే అట్లకాడ కనబడడం లేదు. పదేళ్ళుగా నా చేతిలో అరిగిన అట్లకాడ. నేను కొత్తది కొనుక్కున్నాను. పాతదాని కోసం ఎక్కడా వెతకడం లేదు.