మడత నొగ

మావారు పడవ కొన్న సంగతి, అది మా గేటు ముందు ఆగాకే నాకు తెలిసింది.

తెలంగాణ ఉద్యమంలో సమ్మె నడుస్తున్న రోజులవి. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. కాలేజీలన్నీ మూతబడ్డాయి. పొద్దున వంటయ్యాక ఏం చేయాలో తోచేది కాదు. ఆ రోజు వరండాలో కూర్చుని బెండకాయలు తరుగుతుంటే సందులో ట్రాక్టరు చప్పుడైంది. వెళ్లి చూస్తే ట్రాక్టరు వెనక రెండు చక్రాల ఇనుప బండి, దాని మీద తెల్లటి ఫైబర్ పడవ. పక్కనే మావారు రుమాలుతో మెడ తుడుచుకుంటూ నిలబడి ఉన్నారు.

ఆయన ఇన్సూరెన్స్ సర్వేయరు. సాగర్ రోడ్డులో మూతబడ్డ ఒక రిసార్టు సామాను లెక్క చూడ్డానికి వెళ్లి, అక్కడ ఎండకి పడి ఉన్న పడవను బండితో సహా కొనేశారు. ఎందుకండీ అని అడిగాను. "బాగుంది కదా," అన్నారు. నేను బెండకాయల దగ్గరికి వచ్చేశాను గానీ, ఆ ప్రశ్న నాలోనే ఉండిపోయింది. హైదరాబాద్‌లో, అందులోనూ ఎల్బీనగర్ పక్కన, పడవతో ఏం చేస్తారు మనిషన్నవాడు?

మేముండేది కొత్తపేట వెనక సందులో, ఒక ఇంటి కింది వాటాలో. పైన ఇంటివాళ్లు. ఇంటాయన బస్సు డిపోలో మెకానిక్, నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి స్థిరపడినవాడు. సమ్మెలో ఉన్నాడు కాబట్టి రోజూ పొద్దున్నే ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర శిబిరానికి పోయేవాడు. అక్కడ రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుని తినేవాళ్లు. మాది గోదావరి జిల్లా. ఆయనతో మాకు ఏనాడూ మాట తేడా రాలేదు. అయినా ఆ నెలల్లో టీవీలో వార్తలు వచ్చే వేళకి మేం తలుపు కాస్త దగ్గరగా వేసుకునేవాళ్లం. పైన వాళ్లూ అలాగే వేసుకునేవారని తర్వాత తెలిసింది.

మాకు కారు లేదు గనుక షెడ్డు ఖాళీగానే ఉండేది. పడవను అందులోకి తోశారు. పడవ పట్టింది. బండి కూడా పట్టింది. పట్టనిది ఒక్కటే. ఎడ్లబండికి నొగ ఉన్నట్టు, జీపుకో ట్రాక్టరుకో తగిలించడానికి బండి ముందు పొడుగాటి ఇనుప కడ్డీ ఒకటి ఉంటుంది. అది గేటు దాటి సందులోకి పొడుచుకొచ్చింది. గేటు మూసుకోలేదు. మావారు రెండు రెక్కలూ తాడుతో కట్టి, కడ్డీ చివర ఎర్రగుడ్డ చుట్టి, సరిపోయిందన్నట్టు చేతులు దులుపుకున్నారు.

మర్నాడు పడవ పక్కన ఎవరో బొగ్గుతో 'జై తెలంగాణ' అని రాసి పోయారు. నేను గుడ్డ తడిపి తెచ్చాను. మావారు వద్దన్నారు. "అక్షరాలు ముచ్చటగా ఉన్నాయి, ఉండనీ," అని ఊరుకున్నారు. ఆయన నిజంగా అన్నారో, జాగ్రత్తకి అన్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

అసలు చిక్కు ఇంటావిడ వల్ల వచ్చింది. బతుకమ్మ పండుగ దగ్గర పడింది. మా గేటు ముందు సందు కాస్త వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఏటా ఆడవాళ్లందరూ అక్కడే ఆడతారు. ఆమె కిందికి వచ్చి, కడ్డీ చుట్టూ ఒకసారి తిరిగి చూసి, నాతో మెల్లగా చెప్పింది. "కోపం తెచ్చుకోకు చెల్లే. గిది ఇట్ల ఉంటె మేము ఎట్ల తిరుగుతం? చీకట్ల ఎవలకన్న తాకితె కాలు పోతది."

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. మావారు ఆ సాయంత్రమే పడవ అమ్మేస్తానన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం చూసి, అమ్మకుండా ఏం చేయొచ్చా అని నేనే మొదటిసారి ఆలోచించడం మొదలుపెట్టాను.

మరుసటి రోజు శిబిరం నుంచి వచ్చిన ఇంటాయన, భార్య చెప్పినట్టుంది, నేరుగా షెడ్డులోకి వచ్చాడు. నడుం వంచి బండి కిందంతా చూశాడు. కడ్డీని చేత్తో తట్టి శబ్దం విన్నాడు. సమ్మె మొదలైనప్పటి నుంచీ పానా పట్టని చేతులవి. ఆయన కళ్లలో వెలుగు చూసి నాకు నవ్వొచ్చింది. పడవను మూలకి ఏటవాలుగా పెడితే పడుతుందేమో అన్నాడు. నేను చాక్‌పీసు తెచ్చి నేల మీద గీసి చూపించాను. నీళ్ల సంపు మూత, మోటారు అడ్డం వస్తున్నాయి. ఆయన గీతల మధ్య నిలబడి, ఒప్పుకున్నాడు. వెనక గోడకి కన్నం పెడదామా అని మావారు అడిగారు. దానికాయన తన గోడను చేత్తో నిమిరి, తల అడ్డంగా ఊపాడు.

తర్వాత చాలాసేపు ముగ్గురం మెట్ల మీద కూర్చున్నాం. డిపోలో చెడిపోయిన బస్సుని ఇంకో బస్సుతో లాగడానికి ఒక రాడ్డు ఉంటుందట. రెండు కొసల్లోనూ పిన్నులుంటాయట. అది చెప్తూ చెప్తూ ఆయన ఆగిపోయాడు. మేమిద్దరం ఆయన వంక చూశాం. నొగను మధ్యలో కోసి, పైనా కిందా మందపాటి ఇనుప పలకలు వేసి, రెండు బోల్టులు పెడితే? ఒక బోల్టు తీసేస్తే రెండో దాని మీద కడ్డీ పక్కకి తిరుగుతుంది, తలుపులాగా. తోలుకుపోయేటప్పుడు మళ్లీ రెండూ బిగించుకోవచ్చు.

ఎక్కడ కోయాలన్నది నా వంతయింది. పడవ మొన సన్నగా ఉంటుంది కాబట్టి, మడిచిన కడ్డీ దాని వాలు వెంబడి ఆనుకుని ఉండాలి. లేకపోతే గేటు స్తంభానికి కొట్టుకుంటుంది. మరీ ముందు కోస్తే మిగిలిన ముక్క గేటులోంచి బయటికి వస్తుంది, మరీ వెనక కోస్తే తిరిగేటప్పుడు పడవకే తగులుతుంది. దారం ఒక కొసన మేకు, ఇంకో కొసన చాక్‌పీసు కట్టి నేల మీద వృత్తాలు గీశాను. పిల్లలకి చాప రేఖలు ఎన్నేళ్లు చెప్పానో, ఒక్కరోజూ వాటి మీద ఇంత ఆసక్తి కలగలేదు. మధ్యాహ్నం భోజనం కూడా మర్చిపోయి, నేలంతా తెల్లగీతలు చేసి, చివరికి కడ్డీ మీద ఒకచోట గుర్తు పెట్టాను. కుడివైపుకి తిప్పితే మెట్లకి తగులుతుంది, ఎడమకే తిరగాలి అని కూడా చెప్పాను. ఇంటాయన మూరతో కొలిచి చూసుకుని, తల ఊపాడు.

సమ్మె వల్ల కరెంటు వస్తూ పోతూ ఉండేది. వెల్డింగు షాపుకి బండి తోసుకుపోయి కాచుక్కూర్చోవడం కుదరదు. అందుకని చేత్తోనే రంపంతో కోయాలనుకున్నారు. పలకలకి కన్నాలు మాత్రం కరెంటున్నప్పుడు చౌరస్తా దగ్గర షాపులో వేయించుకొచ్చారు. మావారూ ఆయనా వంతులేసుకుని ఇనుప రంపం ఆడించారు. ఇనుప రజను నేల మీద రాలేది. నేను నూనె చుక్కలు వేసేదాన్ని.

కోత సగమయ్యాక ఇంటాయన రంపం ఆపి, మొదటి రోజు తర్వాత నేను మళ్లీ అడగలేకపోయిన మాట అడిగేశాడు.

"సారూ, నిజం చెప్పు. గీ పడవెందుకు నీకు?"

మావారు కాసేపు చెమట తుడుచుకున్నారు. "మాది లంక గ్రామం అన్నా. చుట్టూ గోదారి. బడికి పడవ, డాక్టరుకి పడవ. ఒక వరదకి మా ఇల్లు, ఒడ్డున కట్టేసిన పడవ రెండూ పోయాయి. మా నాన్న ఇల్లు మళ్లీ కట్టాడు గానీ పడవ కొనలేదు. రిసార్టులో దీన్ని చూడగానే వదిలి రావాలనిపించలేదు. అంతే. ఇంకేం కారణం లేదు."

పెళ్లయి పదేళ్లు దాటింది. వాళ్ల ఇల్లు వరదలో పోయిందని తెలుసు. పడవ సంగతి నాకు ఎన్నడూ చెప్పలేదు. నేను కోత మీద ఇంకో నూనె చుక్క వేశాను.

ఇంటాయన మళ్లీ రంపం అందుకుని, కోస్తూనే తన ఊరి సంగతి చెప్పాడు. వాళ్ల ఊరి బోరునీళ్లలో ఫ్లోరైడు. ఆ నీళ్లు తాగి పళ్లు పసుపురంగు తేలినవాళ్లు, మోకాళ్లు వంకరపోయినవాళ్లు ఇంటింటికీ ఉన్నారట. అందుకే చెల్లెల్ని పట్నంలోనే చదివించాడట. సాగర్ వాళ్ల జిల్లాలోనే ఉంది. బస్సులో పోయి, డ్యామ్ మీద నిలబడి చూసి వచ్చాడు తప్ప, ఆ నీళ్లలో చెయ్యి పెట్టింది లేదు. ఆయన ఈ మాటలు ఎవరినీ తప్పుపడుతున్నట్టు చెప్పలేదు. కడ్డీ తెగి, ఠంగుమని నేల మీద పడింది.

బోల్టులు బిగించి, ఒకటి తీసి తిప్పి చూశారు. కడ్డీ నేను గీసిన వృత్తం మీదుగానే తిరిగి, పడవ మొన పక్కన ఆనుకుంది. ఇంటావిడ పైనుంచి చూస్తూ చప్పట్లు కొట్టింది. కోత కోసం బండి ముందు కింద పేర్చిన ఇటుకలు తీసి, దాన్ని ఇంకాస్త లోపలికి తోయబోయేసరికి మొత్తం పడవ ముందుకి ఒరిగి, మొన నేలకి కొట్టుకుంది. ఫైబరు చిట్లిన శబ్దం వచ్చింది.

ముగ్గురికీ తట్టని సంగతి అది. కడ్డీ కొస జీపు మీదో నేల మీదో ఆనుకుని ఉంటుంది కాబట్టే బండి నిలబడుతుంది. దాన్ని మడిచేస్తే ముందు భాగాన్ని మోసేది ఎవరు? నేను వృత్తాలు గీశాను గానీ బరువు సంగతి మర్చిపోయాను. ఇంటాయన ఇంత అనుభవంతోనూ మర్చిపోయాడు. ఆయన కింద కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు. మేమూ నవ్వాం. సందులో ఆ రోజుల్లో అంతసేపు ఎవరూ నవ్వినట్టు గుర్తులేదు.

మర్నాడు బస్సులు లేవు కాబట్టి ఆయనా మావారూ కొత్తపేట నుంచి మలక్‌పేట దాకా నడిచి, పాత సామాన్ల కొట్టులో బరువులు మోసే చిన్న ఇనుప చక్రం ఒకటి వెతికి పట్టుకొచ్చారు. దారిలో మూడుచోట్ల ఊరేగింపులు ఎదురయ్యాయట. ఒకచోట కుర్రాళ్లు మావారి యాస విని ఏ ఊరని అడిగారట. ఇంటాయన ఆయన భుజం మీద చెయ్యి వేసి, "మా తమ్ముడే, పోనియ్యున్రి," అని నడిపించుకొచ్చాడు. ఈ సంగతి మావారు రాత్రి అన్నం తింటూ చెప్పారు. చెప్పాక పెరుగు వేసుకోకుండానే లేచిపోయారు.

కరెంటు వచ్చిన గంటలో ఆ చక్రాన్ని బండి ముందు అతికించారు. ఈసారి బండి తల వాల్చలేదు. నలుగురం తోస్తే మెల్లగా లోపలికి వెళ్లింది. గేటు రెక్కలు రెండూ కలిశాయి. ఇంటావిడ గొళ్లెం వేసి, తీసి, మళ్లీ వేసి చూసుకుంది.

ఆ ఏడు బతుకమ్మకి తంగేడు పువ్వు కోయడానికి నేను కూడా ఆవిడతో అల్మాస్‌గూడ వైపు పోయాను. ఇళ్ల మధ్య మిగిలిన ఖాళీ జాగాల్లో పసుప్పచ్చగా పూసి ఉంది. పేర్చడం నాకు రాదు. ఆవిడ గుమ్మడాకు పరిచి, ఒక్కో వరసా ఎలా వేయాలో చూపించింది. వలయాలు పైకి పోతున్నకొద్దీ ఎంత చిన్నవి కావాలో ఆమె చేతికి తెలుసు. నేను మాత్రం మనసులో వ్యాసాలు లెక్కేసుకుంటూ పేర్చాను. నాది కొంచెం వంకరగా వచ్చింది. అయినా దాన్ని కూడా మధ్యలో పెట్టి ఆడారు.

సమ్మె విరమించాక, బస్సులు తిరగడం మొదలయ్యాక ఒక ఆదివారం, కిరాయి జీపుకి బండి తగిలించి సాగర్ వెనక జలాల దగ్గరికి వెళ్లాం. మావారు తెలిసినవాళ్లని అడిగి అనుమతి తెచ్చుకున్నారు. దారంతా ఇంటాయన వెనక కిటికీలోంచి బోల్టులనే చూస్తూ కూర్చున్నాడు. ఇబ్రహీంపట్నంలో ఆగి, దిగి, పానాతో ఒకసారి బిగించి, తృప్తిగా ఎక్కాడు.

పడవ నీళ్లలోకి దిగగానే తేలింది. చిట్లినచోట మావారు ముందే మైనంలాంటి దేనితోనో పూడ్చారు. ఆయన తెడ్డు పట్టుకున్న తీరు చూస్తే ఇన్నేళ్లూ ఆఫీసు బ్యాగు మోసిన మనిషని అనిపించలేదు. ఇంటావిడ ఒడ్డునే ఉంటానంది. ఇంటాయన ఎక్కడానికి చాలాసేపు తటపటాయించి, ఎక్కాక రెండు చేతులతో అంచు పట్టుకుని బిగుసుకుని కూర్చున్నాడు. ఒడ్డు దూరమయ్యాక ఒక చెయ్యి వదిలి, నీళ్లలో ముంచాడు. అరచేతిలో తీసుకుని తాగాడు.

"తియ్యగున్నయ్," అన్నాడు.

మావారు తెడ్డు వేయడం ఆపారు. పడవ దానంతటదే కాస్త దూరం పోయి నిలిచింది. ఇంటాయన ఇంకోసారి తాగి, మొహం కడుక్కుని, ఆ తర్వాత లోతు ఎంత ఉంటుంది, చేపలు ఏ రకం, ఈ నీళ్లు ఏ కాలవలోకి పోతాయి, ఎంత ఎత్తున ఉన్న ఊళ్లకి ఎక్కించవచ్చు అని వరసగా అడుగుతూనే ఉన్నాడు. మావారికి తెలిసినవి చెప్పారు. తెలియనివి నేను లెక్కగట్టబోయి, కొలతలు లేక మానుకున్నాను.

పడవతో అలా ఇంకో నాలుగైదు సార్లు వెళ్లాం. మూడేళ్లకి రాష్ట్రం వచ్చింది. మేం వనస్థలిపురంలో ఫ్లాట్ కొనుక్కున్నాం. అక్కడ పార్కింగులో స్కూటరుకే చోటు కష్టం. పడవని, బండిని ఇంటివాళ్లతో కలిసి తీసుకెళ్లి సాగర్ దగ్గర చేపలు పట్టే ఒకాయనకి ఇచ్చేశాం. ఆయన బండి చుట్టూ తిరిగి, కడ్డీని అటూ ఇటూ తిప్పి చూసి, దీన్ని ఏ కంపెనీవాళ్లు చేశారని అడిగాడు. మావారు ఇంటాయన వంక చూశారు. ఇంటాయన నా వంక చూశాడు. నేను చెప్పేలోపే ఇంటావిడ అందుకుని, మా సందులోనే అయింది, కావాలంటే ఇంకొకటి చేసిస్తారని చెప్పింది.