ఎత్తు మీదే ఆగే డీజిల్ కారు

మా చిన్నప్పుడు మా ఇంటికి కారుండేది… అందుకే అచ్చంపేటలో అందరికంటే ఎక్కువ నడిచింది మేమే.

తొంభైల మొదట్లో సంగతి. మా బాపుకు బస్టాండు దగ్గర విత్తనాల దుకాణం. ఆయన కొన్నది పాత కారు, చిన్నది, వెనక డిక్కీ ఉన్నది. పెట్రోలు బండిలో ఎవరో డీజిల్ ఇంజన్ దింపారు. కంపెనీ పేరు అనవసరం. ఇప్పుడు అలాంటి కారు ఫొటో ఎవరు పెట్టినా కింద అందరూ మైలేజీని పొగుడుతారు. మైలేజీ ఇచ్చేది, కాదనను. మిగతాది కూడా చెప్పాలి కదా…

డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ మండాలి. చలికాలం పొద్దున ఆ వేడి చాలదు కాబట్టి లోపల చిన్న హీటర్లు ఉంటాయి. తాళం సగం తిప్పి, ఎదురుగా దీపం ఆరిపోయేదాకా ఆగి, అప్పుడు స్టార్ట్ చేయాలి. మా కారులో దీపం వెలిగేది, హీటర్లు వేడెక్కేవి కావు. బ్యాటరీకి ఇంజన్‌ను తిప్పే సత్తువ లేదు. స్నానాలకని అమ్మ కాగులో కాచిన నీళ్లు సగం ఇంజన్ మీదికే పోయేవి.

హీటర్లు, బ్యాటరీ మార్పించమని మెకానిక్ చాంద్ భాయ్ చెప్పి చూశాడు.

"దీనికి ఇంక పైసలు పెడితె ఇది పొదుపు బండి ఎట్లయితది భాయ్?" అన్నాడు బాపు.

ఆయన కనిపెట్టిన ఉపాయం వేరు. కారును ఎత్తు జాగాలో నిలపాలి. కిందికి దొర్లిస్తూ రెండో గేరులో క్లచ్ వదిలితే స్టార్టయ్యేది. అంటే పెళ్లికి పోయినా, దవాఖానకు పోయినా ముందు ఎత్తు వెతకాలి. కారు అక్కడ ఆగుతుంది, మేం అక్కడినుంచి నడుస్తాం. యాదగిరిగుట్టకు పోయినప్పుడు మాత్రం బాపు నిశ్చింతగా దర్శనం చేసుకున్నాడు… ఎటు చూసినా ఎత్తే.

నవ్వు రాని విషయం ఒకటుంది. ఆ కారు కొన్నది అక్క కోసం. పోలియో వచ్చి అక్క ఎడమ కాలు సన్నబడింది. కొంత దూరం పోగానే తొడ మీద చెయ్యి ఆనించి, వంగి నడిచేది. "బిడ్డ నడవొద్దనే కొన్న" అని దుకాణానికి వచ్చిన ప్రతి రైతుకూ చెప్పేవాడు బాపు. ఆ బిడ్డనే కాలేజీకి దూరంగా, ఎత్తు మీద బండరాయి పక్కన దించేవాడు.

"నా కోసం కొన్నదైతె గేటు ముందట ఆపు" అంది అక్క ఒకరోజు.

"ఆడ బందైతె మల్ల లేవది బిడ్డా. జర నడువు."

"నడుస్త. కని ఇంక నా పేరు చెప్పకు."

బాపు గేరేసి బండి పోనిచ్చాడు. ఇంజన్ మోతలో వినపడలేదేమో అనుకున్నాం.

తర్వాత అక్కకు పాలమూరులో టీచర్ ట్రైనింగ్ ప్రవేశ పరీక్ష పడింది. ఆలస్యమైతే లోపలికి రానివ్వరు. సీటు రాకపోతే చదువు మాని దుకాణంలో కూర్చోవాలని బాపు ముందే చెప్పి ఉంచాడు. ఆ పొద్దున అమ్మ, అక్క, నేను, బాపు బయల్దేరాం.

పాలమూరు ఊళ్లోకి పోయే ముందు రైల్వే గేటు పడింది. అక్కడ రోడ్డంతా చదును.

"ఊకెనె డీజిల్ కాలుతాంది" అన్నాడు బాపు. "ఆపకు" అని అక్క అంటూనే ఉంది. "వేడి మీదుంది, లేస్తది" అంటూ ఆయన ఇంజన్ ఆపేశాడు.

రైలు పోయింది. గేటు లేచింది. కారు ఒక్కసారి గుర్రుమని ఊరుకుంది.

పెట్రోలు కారునైతే ఇద్దరు తోసినా స్టార్టవుతుంది. డీజిల్‌కు నొక్కుడు ఎక్కువ, క్లచ్ వదలగానే చక్రాలు బిగుసుకుపోతాయి. అమ్మా నేనూ తోస్తున్నాం. పక్కకు చూస్తే అక్క… పరీక్ష అట్టను పళ్లతో పట్టుకుని, రెండు చేతులూ డిక్కీకి ఆనించి తోస్తోంది.

వెనక బస్సు హారన్ కొట్టింది. కండక్టర్ తల బయటపెట్టాడు.

"ఏం పటేలా, కారు కొన్నవా, ఎద్దుల్లేని బండి కొన్నవా? జర బాజుకు తియ్."

అక్క చేతులు తీసేసింది. అట్ట చేతిలోకి తీసుకుంది.

"అన్నా, పరీక్ష కాలేజి కాడ ఆగుతదా?"

"గేటు ముందటనే ఆగుతది. ఎక్కు చెల్లే."

అక్క ఎక్కింది. బస్సు మమ్మల్ని దాటి పోయింది.

లారీవాళ్లు దిగి తోస్తే కారు కదిలింది. కాలేజీ చేరాక కూడా బాపు ఎత్తు వెతికే నిలిపాడు. మేం గేటు దగ్గరికి వచ్చేసరికి పరీక్ష జరుగుతోంది, అక్క లోపలే ఉంది.

బయటికొచ్చాక, "కారు గా ఎత్తు మీదున్నది బిడ్డా, మెల్లగ పోదాం" అన్నాడు బాపు.

"మీరు కారుల రండ్రి. నేను బస్సుల వస్త."

అమ్మ కూడా అక్కతో బస్సెక్కింది. నేను బాపుతో కారులో ఉండిపోయాను. దారంతా ఆయన ఆ బస్సును దాటలేదు. అది ప్రతి ఊళ్లో ఆగింది. అది ఆగినచోటల్లా చదును రోడ్డు మీద ఇంజన్ ఆపకుండా నిలబడ్డాడు. డీజిల్ ముల్లు వైపు ఒక్కసారీ చూడలేదు.

అయినా హీటర్లు మార్పించలేదు.

అక్కకు సీటొచ్చింది. ఆ కారు అమ్మేదాకా అక్క మళ్లీ అందులో కాలు పెట్టలేదు. ఇప్పుడు పక్క చక్రాల స్కూటీ నడుపుతుంది. మీట నొక్కితే లేస్తుంది, బడి మెట్ల ముందు ఆగుతుంది. "బండి మంచిదే, బ్యాటరీనే మంచిగ లేకుండె" అంటాడు బాపు, ఈ రోజుకీ. అక్క లేచి లోపలికి పోతుంది.

మీ ఇంట్లోనూ అలాంటి కారు ఉండి ఉంటే రాయండి… లీటరుకు ఎంత ఇచ్చిందో వద్దు. ఎవరు దిగి తోశారో రాయండి.