అక్క ఊపిరితిత్తుల స్కాను

ఆస్పత్రిలో ఆయన్ని అందరూ ఫిజిక్స్ మాస్టారనేవాళ్లు. డాక్టరూ కాదు, మెకానిక్కూ కాదు. స్కాన్ మిషన్లు నిజం చెబుతున్నాయో లేదో కనిపెట్టుకుని ఉండటం ఆయన ఉద్యోగం. ఫిల్ములు ఆరబెట్టే రోజుల్లో చేరి, ఫొటోలన్నీ కంప్యూటర్లోకి ఎక్కేదాకా ఒంటిచేత్తో లాక్కొచ్చాడు. మెచ్చుకున్న నాథుడు లేడు, అది వేరే సంగతి.

కిందటి నెల, ఒక్కో మనిషికి రెండేసి ఫైళ్లున్నాయని డాక్టర్లు గోల పెట్టారు. పేరూ, పుట్టిన ఏడాదీ కలిస్తే ఒకే ఫైలు చేసెయ్యమని ఈయన కంప్యూటరుకి నేర్పాడు. అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. ఈయన మనసు మాత్రం ఎందుకో కీడు శంకిస్తూనే ఉంది.

ఇంతలో అక్కకి దగ్గు పట్టుకుంది. అమ్మ పోయాక ఈయన్ని పెంచింది ఆ అక్కే. తనే చెయ్యి పట్టుకుని కొత్త మిషన్ గదిలోకి తీసుకెళ్లి స్కాన్ తీయించాడు. ఊపిరితిత్తుల్లో ఏమీ లేదని రిపోర్టొచ్చింది.

"చూశావా, ఊరికే హడలగొట్టావు. పనీపాటా లేదురా నీకు" అని అక్క ఫోన్లో దెప్పింది. ఈయన ప్రాణం కుదుటపడింది.

మర్నాడు టీ తాగుతూ, ముచ్చటకొద్దీ అక్క ఫైలు తెరిచాడు. చూసి ఊరుకోవచ్చుగా! అలవాటు చావదు. వెలుతురు తగ్గించి ఫొటో మధ్యలోకి చూశాడు. సన్నటి వలయం. పాత మిషన్లో ఒక భాగం దెబ్బతిని, అది తీసే ప్రతి ఫొటోలోనూ ఆ వలయం పడుతోంది. డాక్టర్లకి ఆనదు, ఈయన కళ్లకి ఆనకుండా ఉండదు. కానీ అక్కని పడుకోబెట్టింది కొత్త మిషన్లో.

అదే పేరు, పుట్టింది అదే ఏడాది, ఇంకెవరో ఆడమనిషి. ఇద్దరి స్కాన్లూ ఒకే ఫైల్లో పడ్డాయి. పైనున్న ఆవిడ స్కాన్ చూసి అక్కకి రిపోర్టు రాసేశారు. కిందున్నది ఇప్పటిదాకా ఎవరూ తెరవలేదు.

వెళ్లి పక్కగదిలోని స్కాన్ డాక్టరుని పిలుచుకొచ్చాడు. "కిందున్నది తెరవండి సార్. నాకు చేతులాడటం లేదు."

డాక్టరు ఒక్కో పొర జరుపుకుంటూ పోయాడు. కుడివైపు ఒకచోట ఆగిపోయాడు. వెనక్కి జరిపాడు, మళ్లీ ముందుకి జరిపాడు.

"ఇది బాగా ముదిరిపోయింది మాస్టారూ. ఏమీ లేదని రిపోర్టిచ్చేశాం కూడా. ఇప్పుడు ఈవిడ ఇంట్లోవాళ్లకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?"

"ఇంట్లోవాణ్ణి నేనే సార్" అన్నాడు మాస్టారు.