విమానాలు తోలిన పున్నయ్య

టొక్... టొక్... టొక్. మనిషి మలుపు తిరగకముందే ఆ చప్పుడు వచ్చేది. ఎండిన కందికాయ పగిలినట్టుండే నాలుక చప్పుడు. పున్నయ్య బాబాయి వస్తున్నాడని వీధంతా దారిచ్చేది. ఎద్దుల్ని అదిలించే ఆ చప్పుడు లేకపోతే లోకంలో ఏదీ కదలదని ఆయన నమ్మకం.

నకరికల్లు బస్సు ఎత్తెక్కుతుంటే డ్రైవరు వెనక కూర్చుని బస్సును అదిలించేవాడు. "మామా, ఇది డీజిలు తాగుద్ది, గడ్డి తినదు" అని డ్రైవరు బాజీ ఎంత మొత్తుకున్నా ఆగేవాడు కాదు. చర్చిలో పాస్టరుగారి ప్రసంగం ఎక్కడన్నా దిగబడితే చివరి వరసలోంచి టొక్ మనేది. పాస్టరుగారు ఉలిక్కిపడి ఒక అధ్యాయం దాటేసేవారు. అందుకే బాబాయి రాని ఆదివారం అందరికీ అన్నం ఆలస్యం.

ఆ రోజుల్లో ఏటా సముద్రపు ఒడ్డున విమానాల విన్యాసాలు జరిగేవి, బస్సెక్కి పోయి చూసేవాళ్ళం. మా వీధి మార్తమ్మ పిన్ని కొడుకు దానయ్య వాటిలో ఒకటి నడిపేవాడు. కొడుకు గాల్లో ఉంటే ఆమె ఇంట్లో ఉండలేకపోయేది. ఒడ్డుకొస్తే కళ్ళు తెరవలేకపోయేది. చెంగు ముఖమ్మీదికి లాక్కుని ఇసుకలో కూలబడేది. పక్కన బాబాయి నిలబడి దానయ్య విమానాన్ని తోలేవాడు. అదిలింపు వినపడుతున్నంతసేపూ బండి నడుస్తున్నట్టు. "హో" అంటే నేల మీద ఆగినట్టు. అదీ వాళ్ళ ఒప్పందం. "హో" అనేముందు బాబాయి మోచేత్తో నన్ను పొడిచి, దిగిందా అని గుసగుసగా అడిగేవాడు. తోలే పనిలో మునిగి చూడలేదనుకునేవాణ్ణి.

అరవై నాలుగులో విన్యాసాల రోజున గాలి ఎక్కువగా ఉంది. దానయ్య విమానం ఆకాశంలో తెల్లటి బండిజాడ గీస్తూ పైకి పోయి, పత్తి కుక్కిన బోరెంలాంటి మబ్బులో దూరింది. మళ్ళీ బయటికి రాలేదు. జాడ మబ్బు అంచున తెగిపోయింది. జనం మాటలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. అలలు కూడా ఒడ్డుకు రావడానికి జంకుతున్నట్టుంది.

నేను బాబాయి చెవిలో అన్నాను, విమానం కనపడటం లేదని. ఆయన చెయ్యి నా మణికట్టు మీద బిగుసుకుంది. అదిలింపు మాత్రం ఆగలేదు. నాలుక ఎండిపోయి చప్పుడు గరగరలాడింది.

"ఏందన్నా, ఎద్దు అలిసిందా?" చెంగు కిందనుంచి మార్తమ్మ పిన్ని అడిగింది.

"లేదమ్మాయ్. ఎగువకి పోతంది. బరువు చానా ఉంది." టొక్. టొక్.

నా గుండె ఆ చప్పుడుకే వేలాడుతోంది. ఎంతసేపటికో మబ్బుకు అటు పక్కన వెండి చుక్క జారింది. జనం గోల చేశారు. విమానం ఒడ్డు వెనక మైదానం మీదికి వాలి, పరుగు తీసి, ఆగింది. బాబాయి మోచెయ్యి నా పక్కటెముకల్లో దిగింది.

"దిగింది బాబాయ్."

"హో," అన్నాడు, గాలి అంతా వదిలేస్తూ.

మార్తమ్మ పిన్ని కళ్ళు తెరిచి, దిగివస్తున్న కొడుకును చూసి, వీడు చిక్కిపోయాడని తిట్టడం మొదలుపెట్టింది. ఎట్టా తిప్పాడన్నా అని అడిగితే, బాబాయి ప్రతి గంతూ కళ్ళకు కట్టినట్టు చెప్పాడు. జరగనివి కూడా.

మర్నాడు నేను ఉద్యోగం కోసం దూరపు ఊరికి పోవాలి. తిరుగు బస్సు దిగాక బాబాయిని అడిగాను, మబ్బులో విమానం పోయినప్పుడు నీకెట్టా ధైర్యం వచ్చిందని. ఆయన అటూ ఇటూ చూసి, నా భుజం దగ్గరికి వంగాడు.

"ఊరి చివర గడ్డివామే కంటికి ఆనదు నాకు, ఇమానం ఏం ఆనుద్దిరా? మార్తమ్మతో అనమాక. వచ్చే ఏడు సెలవు పెట్టుకునన్నా రా, పొడవటానికి పక్కన మనిషి ఉండాల."