డాక్టరమ్మకు అమ్మ చెప్పిన జవాబు

ఆ రోజు దవాఖానలో పదిమంది చూస్తుండగా మా అమ్మ మీద అరిచాను. అది నా తప్పు. ఆమె జబ్బు సంగతీ, చిన్నతనం సంగతీ తెలిసి కూడా అరిచాను.

ఇబ్రహీంపట్నం నుంచి పొద్దున్నే బయల్దేరి అమ్మను పట్నం తీసుకెళ్లాను. అక్కడి దవాఖానలో మతిమరుపు జబ్బు మీద పరిశోధన చేస్తున్నారు. మొదటి దశలో ఉన్నవాళ్లను చేర్చుకుని కొత్త మందు ఇచ్చి చూస్తారట. జబ్బు ముదిరినవాళ్లను తీసుకోరు. అమ్మను తీసుకుంటారనే నమ్మకంతో వెళ్లాను. పొద్దున వండిన కూర మరిచిపోతుంది గానీ, ఊళ్లో ఏ చేను, ఏ చెలక ఎవరిదో ఇప్పటికీ చెబుతుంది.

తెల్లకోటు వేసుకున్న డాక్టరమ్మ కలం పట్టుకుని అడిగింది.

"అమ్మా, మీది ఏ ఊరు?"

"తెల్వదు."

"అన్నదమ్ములెంతమంది?"

"నాకెవ్వలు లేరు."

"ఇంట్లో ఎవరెవరుంటారు?"

"తెల్వదంటి గద!"

డాక్టరమ్మ రాసుకుంటూ పోయింది. జబ్బు బాగా ముదిరింది, తీసుకోలేమని చెప్పేసింది. వరండాలోకి రాగానే నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇంట్ల అందరి ముచ్చట్లు చెప్తవ్, ఈడ నోరు పడిపోయిందా? ఇజ్జత్ తీసినవ్ గదనే!" అని భుజం పట్టి ఊపాను.

అమ్మ రెండు చేతులూ తల మీద పెట్టుకుని గోడకు ఒదిగిపోయింది. "కొట్టకు దొరా. మా అన్న యాడికి పోయిండో నాకు తెల్వదు."

ఆ అన్న మా మేనమామ. సాయుధ పోరాటంలో దళంలో కలిసి గుట్టల్లో ఉండేవాడు. రజాకార్లు ఇంటి మీదికొచ్చి, పదేళ్లయినా నిండని అమ్మను నిలబెట్టి అన్న ఎక్కడని అడిగారు. పోలీసు చర్యతో రజాకార్లు పోయారు. తర్వాత మిలిటరీ వచ్చి అదే ప్రశ్న అడిగింది. ఎవరేమడిగినా, ఊరి పేరడిగినా సరే, తెల్వదనే అనాలని వాళ్ల నాయన కొట్టి నేర్పాడు. అమ్మ ఆ మాట తప్పకపోబట్టే మేనమామ ప్రాణం నిలిచింది. ఇదంతా అమ్మ నోట చిన్నప్పటినుంచీ వింటున్నవాణ్ని.

చిన్నపిల్లను తుపాకీ ముందు నిలబెట్టినవాళ్ల మీద నాకు ఇప్పటికీ మంటే. మూడు ప్రశ్నలడిగి మనిషిని తేల్చేసే ఆ కాగితం మీదా మంటే. కానీ డాక్టరమ్మకు ఒక్క ముక్క చెప్పకుండా నా ఇజ్జత్ చూసుకున్నది నేను. ఆమె కళ్లకు ఆ దొరల్లో ఒకడినైంది నేను.

మర్నాడు ఒక్కణ్నే వెళ్లి అంతా చెప్పాను, ఊపిన సంగతితో సహా.

"నిన్ననే ఎందుకు చెప్పలేదు?" డాక్టరమ్మ కూడా కోపంగానే అడిగింది. సెలవు రోజున తనే ఇంటికొచ్చి అమ్మతో మాట్లాడతానంది.

ఆదివారం ఆమె మామూలు చీరలో మా ఇంటికొచ్చింది. కాగితం సంచిలోనే ఉంచి, అమ్మతో పాటు చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంది. నన్ను బయటికి పొమ్మంది. గడప అవతల చెప్పుల పక్కన కూర్చున్నాను.

"గాయన పోయిండా?" లోపల అమ్మ గొంతు.

"పోయిండమ్మా."

"మస్తు కోపపు మనిషి. ఇగ అడుగు బిడ్డా, ఏందో."

అమ్మ కొన్ని చెప్పింది. కొన్ని నిజంగానే మరిచిపోయింది. జబ్బు ఇంకా మొదటి దశలోనే ఉన్నట్టుందని, మిగతా పరీక్షలకు తీసుకురమ్మని డాక్టరమ్మ చెప్పింది. మందు పనిచేస్తుందన్న హామీ మాత్రం ఇవ్వలేదు.

చుట్టాలొచ్చినప్పుడల్లా "నేనెవరో చెప్పు" అని అమ్మను అడిగే అలవాటు నాకుండేది. మానేశాను. ఇప్పుడు ఇంటికి రాగానే గడప దగ్గర ఆగి ముందు నేనే చెబుతాను. "అమ్మా, నేను నీ పెద్దకొడుకును. ఏమడుగనే. లోపలికి రానా?"

ఆమె రమ్మనేదాకా గడప దాటను.