ఎర్రమన్ను ఊరి పాట

నేను రాసిన ఒకే ఒక్క నవలలో పదకొండో అధ్యాయం అబద్ధం. మిగతావన్నీ నిజాలని కాదు. మూడు వందల ఏళ్ల తర్వాత అంగారకుడి మీద జరిగే కథలో నిజం ఎక్కడిది? కానీ అక్కడి జనం గాలి ఎట్లా తయారు చేసుకుంటారు, చలిని ఎట్లా తట్టుకుంటారు, మంచు తవ్వి నీళ్లు ఎట్లా చేసుకుంటారు, ఇవన్నీ లెక్క తప్పకుండా రాశాను. నల్లగొండలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేదాన్ని, ఆమాత్రం చేయకపోతే పరువు పోదూ? పదకొండో అధ్యాయంలో మాత్రం ఆ జనం పండుగ చేసుకోవాలి, పాడాలి, ఆడాలి. అక్కడ నా ఫిజిక్స్ ఎందుకూ పనికిరాలేదు.

ఆ అధ్యాయం మొదటిసారి చదివి వినిపించింది మా మేనత్తకు. మర్రిగూడ దిక్కు పల్లె ఆమెది, నేను పెరిగిందీ అక్కడే. అక్కడి ఫ్లోరైడు నీళ్లు తాగీ తాగీ నడుము వంగిపోయింది, మోకాళ్లు మడతపడవు. అయినా బతుకమ్మ రోజుల్లో ఆమె లేనిది ఆ వాడలో పాట లేచేది కాదు. ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరుగుతుంటే ఆమె పక్కన కుర్చీలో కూర్చుని పాట ఎత్తుకునేది, మిగతావాళ్లు అందుకునేవాళ్లు. బడి మొహం చూడని మనిషి. నేను ఆమెకు చదివి వినిపించింది ముచ్చటకే తప్ప సలహా కోసం కాదు. ఆ మాట ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

నా అంగారకుడి పండుగలో జనమంతా వెండిరంగు బట్టలు వేసుకుని ఒకేసారి వచ్చి వరుసగా నిలబడ్డారు. గోడల్లోంచి పాట మోగింది. అది మన కాలపు పాటే. ప్రాచీన సంపద అని వాళ్లు భద్రంగా దాచుకున్నారట. తిండికి గోలీలు. అత్తమ్మ చిక్కుడుకాయ ఈనెలు తీసుకుంటూ అంతా విన్నది. మేనకోడలిని కాబట్టి నన్ను ఎప్పుడూ కోడలా అనే పిలిచేది.

"గోలీలు మింగి ఎవలాడుతరే కోడలా? అది పండుగనా, దవాఖాననా?"

నేను నవ్వాను.

"అందరు ఒక్కపారే వచ్చిండ్రా? పిలువలేదని ఒక్కలన్న మూతి ముడువలేదా? ఎవలూ అలగలేదా?"

"లేదత్తమ్మా. అప్పటికి మనుషులు బాగుపడ్తరు."

"గట్లయితే ఆళ్లకు పండుగెందుకు?" అని ఇంకో కాయ అందుకుంది. దాని ఈనె తీస్తూ, "మూడు వందల ఏండ్లకు గూడ మన పాటలేనా? ఆళ్లకు నోరు లేదా?" అన్నది.

అక్కడ నేను ఆగి ఆలోచించి ఉండాల్సింది. ఆగలేదు. ఆమె మాత్రం ఊరుకోకుండా ఆ ఊరి సంగతులు అడుగుతూ పోయింది. మన్ను ఏ రంగుది? ఎర్రది. నీళ్లెట్ల? మంచు తవ్వి కరిగిస్తారు. "ఎవలు తవ్వుతరు? కరిగినంక ముందుగాల ఎవలకు పోస్తరు?" ఈ ఒక్కటి నవ్వకుండా అడిగింది. చిన్నప్పుడు ఊరి బావికి దూరంగా కుండ పెట్టుకుని, ఎవరైనా దయతలచి పోస్తే పట్టుకున్న మనిషి ఆమె. నా నవలలో నీళ్లు పైపుల్లో వస్తాయి. ముందు ఎవరికి అన్నది నాకు తోచనే లేదు.

"అవన్నీ తర్వాత చెప్త అత్తమ్మా" అని కాగితాలు సర్దుకున్నాను.

"చెప్పు మరి. ఆళ్ల పాట నేను కట్టి ఇస్త" అన్నది. వెక్కిరిస్తున్నది అనుకున్నాను.

పాట కట్టడం ఆమెకు కొత్త కాదు. బోరు ఎండిన ఏడు ఒకటి కట్టింది, రాష్ట్రం వచ్చిన ఏడు ఒకటి, ఇంటింటికీ నల్లాలో కృష్ణ నీళ్లు వచ్చిన ఏడు ఒకటి. మా వాడలో పాత పాటల నడుమ ఆ ఏటి ముచ్చట ఒకటి పడాల్సిందే, లేకపోతే ఆట చప్పగా ఉందంటారు. ఆ చప్పట్ల మధ్యనే పెరిగినదాన్ని, నాకు తెలియదా? తెలుసు. కానీ పాతదయితే విలువ, కొత్తదయితే ఉత్త ఊరి కబురు అని చదువుకునే రోజుల్లో ఎవరు నేర్పారో గానీ, గట్టిగా నేర్పారు.

రాతప్రతి చదివిన స్నేహితురాలు పండుగ అధ్యాయంలో ప్రాణం లేదన్నది. ప్రాణం అంటే పాతదనం అనుకున్నాను. ఆ ఏడు బతుకమ్మకు ఫోను పట్టుకుని అత్తమ్మ ఊరికి పోయాను. అసలుసిసలు పాత పాటలు రికార్డు చేసి అంగారకుడి గోడల్లోకి ఎక్కించాలని నా ఆలోచన. బడి ముందు జాగాలో పొద్దు వాలుతుండగా ఆట మొదలైంది. "నువ్వు గూడ రారాదే" అని ఆడవాళ్లు పిలిచారు. చేతిలో ఫోను ఉందని సైగ చేసి బయటే నిలబడ్డాను. అత్తమ్మ వరుసగా ఏడు పాటలు పాడింది. ఏడూ రికార్డు చేశాను.

ఎనిమిదోది ఎత్తుకునే ముందు ఆమె నా దిక్కు చూసింది. "గిది ఇను కోడలా" అన్నది.

"ఎర్రమన్ను ఊరంట ఉయ్యాలో..."

అత్తమ్మ ఊరి చుట్టూ ఉన్నదంతా ఎర్రమన్నే. ఏ చేను తగాదానో, ఏ రోడ్డు పనో అనుకున్నాను. ఫోనులో చార్జింగు తక్కువుంది. "అత్తమ్మా, ఇది పాతది కాదు గదా. చాలు తియ్యి" అని రికార్డింగు ఆపేసి, బడి మెట్ల మీద కూర్చుని ఏడు పాటలకూ పేర్లు పెట్టుకున్నాను. ఆమె ఆగలేదు. చాలాసేపే పాడింది. ఒకచోట ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఒకచోట గొంతులు సన్నబడి అందరూ మెల్లగా తిరిగారు. నేను తలెత్తి చూశాను కూడా. లేచి పోలేదు.

నవల అచ్చయింది. ఏడు పాటలూ అంగారకుడి గోడల్లోంచి మోగాయి. బాగుందన్నవాళ్లూ ఉన్నారు. ఒక శనివారం క్లాసు అయిపోయాక సెకండియర్ అమ్మాయి ఒకతె పుస్తకం పట్టుకుని వచ్చింది. "మేడం, మూడొందల ఏండ్లల్ల వాళ్లు ఒక్క పాటన్న సొంతంగ కట్టుకోలేదా?" అనడిగింది. ఏదో చెప్పి పంపించాను. మా వృత్తిలో జవాబులకు కొదవ ఉండదు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి అత్తమ్మ దగ్గరికి పోయాను. ఆమెకు పక్షవాతం వచ్చి అప్పటికి ఆరు నెలలు. కుడి చేయి పడిపోయింది, మాట పోయింది. అన్నీ అర్థమవుతాయి, ఏదీ చెప్పలేదు. అంతకుముందు కూడా చూసి వచ్చాను, మంచం పక్కన పండ్లు పెట్టి వచ్చాను. ఈసారి మాత్రం, ఆళ్లకు నోరు లేదా అని ఆనాడు నువ్వు అడిగిందే సరైన ప్రశ్న అని ఆమెకు చెప్పాలనిపించింది. చెప్పాను. ఆమెకు గటక తినిపిస్తున్న పక్కింటి చిన్నమ్మ చెంచా ఆపింది.

"ఇప్పుడు చెప్తవా బిడ్డా? నీ కోసమని ఆ మోకాళ్లతోటే పత్తి ఏరుకుంట ఎన్ని దినాలు కట్టిందో ఎరుకేనా ఆ పాట?"

"ఏ పాట?"

"గదే, ఎర్రమన్ను ఊరిది. మంచు తవ్వెటోళ్లు అలిగి పండుగకు రామంటరు. ఆళ్లు రాంది ఆట మొదలుగాదు. బతిమిలాడ పోతరు. నువ్వు ఆడ్నే ఉన్నవు గద!"

నేను ఉన్నాను. మెట్ల మీద. నా మీద నాకు అంత అసహ్యం అంతకుముందు ఎప్పుడూ వేయలేదు. మిగతాది చెప్పమని చిన్నమ్మను బతిమిలాడాను.

"నాకెట్ల వస్తది బిడ్డా? మేము అందుకునెటోళ్లం. ఆమె పాడితేనే మాకు నోట్లెకొస్తది" అని, చాలాసేపు తంటాలు పడి రెండు వరుసలు మాత్రం చెప్పింది.

"మంచు తవ్వినోళ్లము ఉయ్యాలో
మాకు ముందు పొయ్యుండ్రి ఉయ్యాలో"

నా పదకొండో అధ్యాయం మొత్తం ఆ రెండు వరుసల్లో ఉంది. కాగితం మీద రాసుకున్నాను. అప్పుడు గుర్తొచ్చి ఫోను తీసి, ఆనాటి చివరి రికార్డింగు పెట్టి అత్తమ్మ చెవి దగ్గర పట్టుకున్నాను. ఆమె గొంతు వినబడగానే ఎడమ చేయి లేచింది. తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టింది. ఏడో పాట అయిపోయింది. "గిది ఇను కోడలా." తర్వాత ఒక్క వరుస. తర్వాత నా గొంతు: ఇది పాతది కాదు గదా, చాలు తియ్యి.

అంతే, రికార్డింగు అయిపోయింది. అత్తమ్మ చేయి ఆగలేదు. కళ్లు నా మీదే పెట్టి, ఎక్కడా తప్పకుండా, తొడ మీద తాళం వేస్తూనే ఉంది. ఒకచోట మెల్లగా వేసింది. అది గొంతులు సన్నబడిన చోటు అయి ఉంటుంది. చివరికి చేయి ఆగింది. పాట అక్కడ అయిపోయిందని నాకు అట్లా తెలిసింది.